ఏడో నంబరు కార్డు

సిలోబా, బుంగోమా జిల్లా
మే 16, 1996

చెల్లీ ఖకాసా,

దేవుని శాంతి నీతో ఉండాలి.

మొన్న మంగళవారం ఉదయం సంగతి రాస్తాను. అన్ని ఉదయాల్లాంటి ఉదయమే. తెల్లవారకముందే లేచాను. దూడ కట్టు తెంపుకుని ముందే తాగేయడంతో ఆవు సగం చెంబు పాలు కూడా ఇవ్వలేదు. టీ మరిగేలోపు మోకరించి లేచాను. నెలిమా ఎప్పటిలాగే సికుకు ఇంటి పెరటి దడి దాటి వచ్చి, నిలబడే టీ తాగి, నా సంచి అందుకుంది. మొక్కజొన్న ఇప్పుడు మోకాలెత్తు ఉంది. మంచుకి ఇద్దరి బట్టల అంచులూ తడిశాయి. దారంతా భిన్నాల లెక్కలు అడుగుతూనే ఉంది. స్కూలు గేటు దాకా నేను దానికి అత్తని, గేటు దాటితే టీచర్ని. ఆ నియమం అది పెట్టుకున్నదే, నేను పెట్టింది కాదు.

జెండా ఎగరేశాక హెడ్మాస్టరుగారు ఎనిమిదో తరగతిని ముందు వరసలో నిలబెట్టారు. నవంబరు పరీక్ష తప్పితే హైస్కూలు లేదు, పొలమే గతి, ఇక కలలో కూడా పరీక్షే రావాలి అన్నారు. ఆ మాట విన్నాక కూడా లోపలికి వచ్చి నువ్వు పంపిన పెట్టె విప్పాను. నీకు మాట ఇచ్చాను కదా. మన టీచర్లూ ఫిన్లాండు టీచర్లూ కలిసి తయారు చేసిన పాఠం, దేశాల కష్టసుఖాలు పిల్లలకి తెలియాలి, ఒక్క పీరియడ్ చెప్పి చూడక్కా అన్నావు. పెట్టె శనివారమే వచ్చింది. ముందు ఒకసారి చూసుకోవాలని తోచలేదు. నువ్వు చేసిన పని కదా అనుకున్నాను.

నలభై ఎనిమిది మంది. ఎనిమిది బొమ్మ కార్డులు. ఆరుగురికి ఒక కార్డు పంచాను. ఒకదాంట్లో ఎండిన చెరువు, ఒకదాంట్లో చేపలు లేని వల. అందరూ తలలు దగ్గర పెట్టుకుని చూస్తున్నారు. ఏడో కార్డు గుంపులోంచి ముటెన్యో లేచి, "టీచర్, ఇది మన నెలిమా" అంది.

చూశాను. గుండు చేసిన తల. కింద పరిచిన అరటాకుల మీద కూర్చుని ఉంది. రెండేళ్ళ కిందటి మొహం. అడుగున అచ్చు అక్షరాలు: "ఈ అమ్మాయి ఈరోజు ఏమీ తినలేదు. మనం ఏం చేయగలం?"

కార్డు తీసుకుని బల్లమీద బోర్లించాను. పాఠం ముగించాను.

బుధవారం ఉదయం నెలిమా బల్ల మీద పదకొండు ఉడికించిన చిలగడదుంపలు, రెండు మొక్కజొన్న కంకులు, ఒక గుడ్డు, కాగితం పొట్లంలో వేరుశనగలు ఉన్నాయి. ఎగతాళికి తెచ్చినవి ఎన్నో, నిజంగా జాలిపడి తెచ్చినవి ఎన్నో నేను చెప్పలేను. తెచ్చినవాళ్ళకైనా తెలుసో లేదో. హెడ్మాస్టరుగారు తలుపు దగ్గర నిలబడి చూసి, "కార్డు అడిగింది, పిల్లలు చేశారు. పాఠం పనిచేసిందన్నమాట" అన్నారు. ఆయన మెచ్చుకున్నారో, తిట్టారో.

నెలిమా వాటిలో ఏదీ ముట్టలేదు. సాయంత్రం నా సంచి మొయ్యలేదు.

ఆ ఫొటో మీకు ఎవరిచ్చారు?

నీ అక్క,
నలియాకా

*

నైరోబి
మే 25

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ముందుగా నెలిమాకి నా ముద్దులు. దాన్ని ఏమీ అనుకోవద్దని చెప్పు. పిల్లలు నాలుగు రోజులు ఆడతారు, ఐదో రోజు ఇంకెవరో దొరుకుతారు. మన చిన్నప్పుడు సికుకు అన్నయ్యని "మేకపిల్ల" అని ఎన్నాళ్ళు ఏడిపించలేదూ?

ఫొటో సంగతి. అక్కా, మా ఆఫీసులో ఒక అల్మరా నిండా ఫొటోలే. ఎవరెవరో తెస్తుంటారు, వెనక పేర్లు కూడా రాయరు. ఎలా వచ్చిందో కనుక్కుంటాను. ఈ వారం ఊపిరాడటం లేదు. ఆగస్టు సెలవుల్లో కకమేగాలో నలభై మంది టీచర్లకి శిక్షణ ఉంది. ఫిన్లాండు నుంచి ఆరుగురు వస్తున్నారు. పల్లెటూరి టీచరు ఈ పాఠం ఇప్పటికే చెప్పింది, పిల్లలు స్పందించారు అని మా పెద్దాయనకి చెబితే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నిన్ను పిలిచి మాట్లాడించాలంటున్నాడు.

అందుకే అడుగుతున్నాను, కోప్పడకు. పెట్టెలో పసుపుపచ్చ ఫారం ఉంది కదా, టీచరు నివేదిక. అది నింపి పంపు. చిలగడదుంపల సంగతి కూడా రాయొచ్చు, పేరు లేకుండా. ఫిన్లాండు నుంచి ఐలా అని టీచరు ఒకామె రాసింది, ఏడో కార్డు చూసి వాళ్ళ పిల్లలు చాలాసేపు మాట్లాడలేకపోయారట. మన నెలిమా మొహం అంత దూరం వెళ్ళింది. ఇంకోలా చూస్తే అదీ గొప్పే కదా?

కార్డులు వెనక్కి పంపకు. అల్మరాలో పెట్టు.

నీ ఖకాసా

*

సిలోబా
జూన్ 3

ఖకాసా,

పసుపు ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. "పాఠం తర్వాత పిల్లల ప్రవర్తనలో మార్పు కనిపించిందా?" అని ఉంది. కనిపించింది. నెలిమా వెళ్ళిపోయింది.

సరిహద్దు అవతల, ఉగాండాలో వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో ఉంది. గురువారం స్కూలుకని బయలుదేరి, లాఖాఖా వంతెన దాటి వెళ్ళిపోయింది. పరీక్షకి పేరు ఇక్కడ నమోదై ఉంది. అక్కడ రాయడానికి కుదరదు. ఈ నెలాఖరుకి తిరిగి రాకపోతే పేరు కొట్టేస్తామని హెడ్మాస్టరుగారు చెప్పారు. ఆయన చెడ్డవారు కాదు. నియమం చెప్పారు, అంతే.

సికుకు పిండిమర దగ్గర నిలబడి ఉంటే ఎవరో, "మీ ఇంటికి ఒక బస్తా పంపమంటావా, పిల్ల పస్తులుంటోందట" అన్నారు. వాడు పిండి అక్కడే వదిలి నా దగ్గరికి వచ్చాడు. కేకలు వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. కార్డు చూపించమన్నాడు. చాలాసేపు చూశాడు. "అక్కా, నేను బతికే ఉన్నానా? ఈ బొమ్మలో నేనెక్కడా లేనే" అన్నాడు.

లేచి, వాడు వదిలి వచ్చిన పిండి నేనే వెళ్ళి తెచ్చాను.

నేనూ ఆ కార్డు చూస్తూనే ఉన్నాను. ఎడమ అంచున రెండు వేళ్ళు ఉన్నాయి. ఒకదాని గోరు నల్లగా ఉంది. ఆ ఏడు తలుపు సందున పడి నలిగింది నా గోరే. అది అమ్మని పాతిపెట్టిన మూడో నాడు, తలలు గొరిగిన ఉదయం. ఆ ఉదయం మనింట్లో కెమెరా ఒకటే ఉంది.

నేనింకేం అడగను. రోజూ నీ కోసం మోకరిస్తున్నాను. ఏమని వేడుకోవాలో తెలియక నీ పేరు మాత్రం చెప్పి లేస్తున్నాను.

నలియాకా

*

నైరోబి
జూన్ 14

అక్కా,

నేనే తీశాను. అల్మరా అబద్ధం. అది రాస్తున్నప్పుడే నువ్వు నమ్మవని నాకు తెలుసు, అయినా రాశాను. ఎందుకు రాశానని అడిగితే చెప్పలేను.

ఆ ఫొటో కార్డు కోసం తీయలేదు. ఇది మాత్రం నమ్ము. అమ్మ పోయాక ఎవరి వైపు చూసినా నాకు ఏడుపు రాలేదు. నెలిమా గుండుతో అరటాకుల మీద కూర్చుని ఉంటే, ఆ నుదురూ ఆ మెడా అచ్చం అమ్మ కూర్చున్నట్టే అనిపించింది. అందుకు తీశాను. రెండేళ్ళు నా బల్ల సొరుగులో పెట్టుకున్నాను.

కార్డులు తయారు చేసేటప్పుడు మేం ఆరుగురం. ముగ్గురు మనవాళ్ళు, ముగ్గురు ఫిన్లాండువాళ్ళు. మంచివాళ్ళక్కా, రాత్రీ పగలూ పని చేశారు. ఆకలి మీద ఒక కార్డు కావాలి. ఉన్న ఫొటోల్లో అందరూ కెమెరాని చూసి నవ్వుతున్నారు. మనవాళ్ళు అంతేగా, కెమెరా కనిపిస్తే ఉతికిన చొక్కా వేసుకొస్తారు. సొరుగులోంచి ఇది తీసి చూపించాను. అందరూ మాటలు ఆపేశారు. ఆ నిశ్శబ్దం నాకు గర్వంగా అనిపించింది.

పూర్తి ఫొటో ఈ ఉత్తరంలో పెడుతున్నాను. చూడు. నీ చేయి మొత్తం ఉంది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో ఉగాలి ముద్ద, కోడిమాంసం. దాన్ని తినమని బతిమాలుతున్నావు. పళ్ళెం కనిపిస్తుంటే ఆకలి గురించి పాఠం ఎలా చెబుతామన్నారు. అన్నది మనవాడే, ఫిన్లాండు మనిషి కాదు. కత్తెర నా చేతిలోనే ఉంది.

కింద మొదట "నానమ్మ చనిపోయిన అమ్మాయి" అని రాశాను. పిల్లలు చావు గురించి అడిగితే ఈ పాఠం దారి తప్పుతుందన్నారు. చిన్న వాక్యం కావాలి, అబద్ధం ఉండకూడదు. అప్పుడు నాకు ఆ ఉదయం నువ్వన్నది గుర్తొచ్చింది. పళ్ళెం పట్టుకుని నా వైపు తిరిగి అన్నావు: "ఇది ఈరోజు ఏమీ తినలేదు." అక్కా, ఆ వాక్యం నీది. "ఇది" ఉన్నచోట "ఈ అమ్మాయి" అని పెట్టాను, అంతే. అది నిజం కూడా. నిజమైన ఫొటో, నిజమైన మాట. రెండూ పక్కపక్కన పెడితే అబద్ధం ఎలా అయిందో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు.

మూడు వేలు అచ్చు వేశారు. సగం అక్కడ, సగం ఇక్కడ. నేను ఇప్పుడు నోరు విప్పితే ఆగస్టు శిక్షణ ఆగిపోతుంది. నలభై మంది టీచర్లు నేర్చుకోబోయేదంతా చెడ్డదా? తక్కిన ఏడు కార్డులూ బాగున్నాయి. నోరు విప్పకపోతే, నెలిమా... ఏం చెయ్యను అక్కా? నువ్వు చెప్పు. నువ్వెప్పుడూ చెబుతావు కదా.

ఖకాసా

*

సిలోబా
జూన్ 30

ఖకాసా,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేకపోయాను. నేనూ ఒకటి దాచాను. అది రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

గత శనివారం వంతెన దాటి నెలిమా దగ్గరికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేనూ పక్కన కూర్చుని ఒలవడం మొదలుపెట్టాను. కొంతసేపటికి నువ్వు పంపిన పూర్తి ఫొటో తీసి దాని ఒళ్ళో పెట్టాను. నా చేయి చూస్తుంది, పళ్ళెం చూస్తుంది, మనసు కుదుటపడుతుంది అనుకున్నాను.

ఒకసారి చూసి, నా చేతికే ఇచ్చేసింది. "పళ్ళెం ఉందని నాకు తెలుసు అత్తా. దాని ముందు కూర్చున్నది నేనేగా" అంది.

మరి ఎందుకు వచ్చేశావని అడిగాను.

"చిన్నత్త తొందర మనిషి. ఏదో చేసేస్తుంది, తర్వాత ఏడుస్తుంది. అది మనందరికీ తెలిసిందే. నువ్వు? నువ్వేం అన్నావు క్లాసులో?"

చెల్లీ, నీకు రాసిన మొదటి ఉత్తరంలో కార్డు బోర్లించానని మాత్రమే రాశాను. బోర్లించేముందు ఒక మాట అన్నాను. ముటెన్యో లేచి "ఇది మన నెలిమా" అనగానే, నేను "కాదు. ఇది వేరే అమ్మాయి. ఇలాంటివాళ్ళు చాలామంది ఉంటారు" అన్నాను.

నెలిమాని కాపాడుతున్నాననుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే నిన్ను కాపాడానేమో, లేక మన ఇంటిని. తెలియదు.

నెలిమా కాయ ఒలవడం ఆపలేదు. "నలభై ఏడు మంది ముందు నేను నేను కాదన్నావు. ముటెన్యో నన్ను చూసింది, నిన్ను చూసింది, క్షమించండి టీచర్ అని కూర్చుంది. నిజం చెప్పినందుకు దాని చేత క్షమాపణ అడిగించావు. మర్నాడు దుంపలు పట్టుకొచ్చి, కార్డులో ఉన్నది నువ్వు కాదట, మరి ఇవి ఎవరికివ్వాలి అని అడిగారు. నన్నేం చెప్పమంటావు?"

మన ఫ్రెండ్స్ చర్చి సంఘంలో ఒట్టు పెట్టం. కోర్టులో నిలబడినా బైబిలు మీద చెయ్యి వెయ్యం. మనవాళ్ళు అవునంటే అవును, కాదంటే కాదు, అందుకే వేరే ఒట్టు అక్కర్లేదని నాన్న చెప్పేవాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ బడిలో టీచరు మాట అంటే పిల్లలకి అలాంటిదే. అందుకే ముటెన్యో తన కళ్ళని కాక నా మాటని నమ్మింది.

నువ్వు పళ్ళెం కత్తిరించావు. నేను పిల్లనే కత్తిరించాను. నీకు తీర్పు చెప్పమంటున్నావు. నా నోట ఏం తీర్పు వస్తుంది?

హెడ్మాస్టరుగారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన నెలిమా పేరు కొట్టేసే గడువు జులై చివరిదాకా పొడిగించారు. "టీచర్ నలియాకా, పరీక్షలో ఈ ప్రశ్న రాదు కాబట్టి నాకు జవాబు తెలియదు" అన్నారు.

ప్రార్థనలో కూర్చుంటున్నాను. ఇదివరకు నిశ్శబ్దంలో ఏదో ఒకటి వినిపించేది. ఇప్పుడు ముటెన్యో క్షమాపణే వినిపిస్తోంది.

నలియాకా

*

నైరోబి
జులై 6

అక్కా,

నీ ఉత్తరం చదివి నేను తేలికపడ్డాను. తేలికపడ్డందుకు సిగ్గుపడ్డాను. ఆ రెండూ కలిస్తే ఏమంటారో నాకు తెలియదు.

మా పెద్దాయనకి చెప్పాను. అంతా కాదు. ఫొటోలోని పిల్ల మా అన్న కూతురని, కత్తిరించిన సంగతి, గుండు ఎందుకో. ఆయన కోప్పడతాడనుకున్నాను. "ఇంకెవరికి తెలుసు?" అన్నాడు. కోప్పడినా బాగుండేది. ఫోనులో ఐలాకి కూడా చెప్పాను. ఆమె అంతా విని, "ఆ అమ్మాయి ఏం కోరుకుంటోంది?" అని అడిగింది. అక్కా, ఇన్నాళ్ళలో నేను ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు. ప్రశ్నలు తయారు చేయడమే నా ఉద్యోగం.

ఇక్కడ మిగిలిన కార్డుల కట్టలు నా గదిలో పెట్టి తాళం వేసి తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నాను. ఎన్నాళ్ళు ఆపగలనో తెలియదు. ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడండి. అన్నయ్య ఏం తిట్టినా పడతాను. మీరేది చెబితే అది చేస్తాను.

ఖకాసా

*

సిలోబా
జులై 14, ఆదివారం

చెల్లీ ఖకాసా,

నిన్న సాయంత్రం కూర్చున్నాం. సికుకు, వాడి భార్య, నేను. నెలిమాని వాళ్ళమ్మ వంతెన దాటి వెళ్ళి తీసుకొచ్చింది. బలవంతం చేయలేదని, పెద్దాళ్ళు నువ్వు లేకుండా నీ సంగతి మాట్లాడతారట అని చెబితే అదే చెప్పులు వేసుకుందని చెప్పింది.

టీ తాగి మౌనంగా కూర్చున్నాం. అమ్మ ఉన్నప్పటిలాగే, చేతులు ఎత్తి ఓట్లు వెయ్యడం లేదు, అందరి మనసూ ఒకటయ్యేదాకా లేవడం లేదు అని అనుకున్నాం. ఓట్లతో తెగే సంగతి కాదు ఇది అని సికుకు ముందే అన్నాడు.

వాడు కార్డులన్నీ కాల్చేయాలన్నాడు. వాడి భార్య, "మూడు వేలు. ఫిన్లాండు దాకా అగ్గిపెట్టె పట్టుకుని నడుస్తావా?" అంది. అప్పుడు వాడికీ నవ్వు వచ్చింది. నీ మీద కోపంగా ఉన్నాడు. కానీ ఆ పూర్తి ఫొటో జేబులో పెట్టుకున్నాడు, అడిగినా ఇవ్వలేదు. అందులో వాకిలి అవతల, చెట్టుకింద, వాడు కట్టెలు కొడుతున్నాడు. చిన్నగా కనిపిస్తాడు. నేను చూడలేదు, వాడే చూపించాడు.

నేను నా సంగతి చెప్పాను. వాళ్ళకి అప్పటిదాకా తెలియదు. సికుకు నన్ను చూసిన చూపు నీకు రాయలేను. వాడికి నేను అమ్మ తర్వాత అమ్మని.

ఐలా అడిగిన ప్రశ్న నెలిమాని అడిగాను. కార్డు ఆపాలా అంటే, తెలియదంది. ఎక్కడో నిజంగానే తిండిలేని పిల్లలు ఉంటారు కదా అత్తా, వాళ్ళ కార్డు కూడా ఆగిపోతుందా అంది. కోడిపుంజు గుమ్మంలోకి వస్తే తరిమి, మళ్ళీ కూర్చున్నాం. అప్పుడు నెలిమా అంది, "నేను బడికి వస్తాను. కానీ ఆ పాఠం సగంలో ఆగిపోయింది. అది మళ్ళీ చెప్పాలి. నేను చెబుతాను."

అందరం ఒప్పుకునేసరికి దీపం వెలిగించే వేళయింది. ఒప్పుకున్నది ఇది.

నెలిమా రేపటి నుంచి బడికి వస్తుంది. నవంబరు పరీక్ష రాస్తుంది. ముటెన్యో దగ్గరికి నేను రేపు ఉదయమే వెళ్ళి, నువ్వు చెప్పింది నిజం, నేను చెప్పింది కాదు అని తరగతి ముందు అంటాను. కార్డుల కట్టలు ఆపాలో వదలాలో మేం తేల్చలేకపోయాం. అది నీ చేతిలోనే ఉంది, కానీ ఆ పాఠం అయ్యేదాకా తాళం తియ్యకు.

నువ్వు వచ్చే ఆదివారం బస్సెక్కి రావాలి. ఇరవై రెండో తారీకు సోమవారం, మొదటి పీరియడ్. నువ్వూ నేనూ వెనక బెంచీలో కూర్చోవాలి. కార్డు పట్టుకుని నెలిమా ముందు నిలబడుతుంది. పిల్లలు ఎవరిని అడిగితే వాళ్ళే లేచి జవాబు చెప్పాలి. "నాకు తెలియదు" అన్నా ఒప్పుకుంటుందట. "అది నేను కాదు" అంటే మాత్రం ఒప్పుకోదట.

నీ అక్క,
నలియాకా